ప్రేమకూ యుద్ధానికీ ఒకే దేవత: మా కల్పిత లోకానికి సలహా కావాలి

హంద్రీ_గట్టు (కర్నూలు) · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. మేము కర్నూల్లో నలుగురం. ప్రతి ఆదివారం సాయంత్రం కొండారెడ్డి బురుజు దగ్గర ఒక ఫ్రెండ్ వాళ్ళ మిద్దె మీద కూర్చుని పాచికలతో కథల ఆట ఆడతాం. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు పాత్రలు తీసుకుంటారు. ఏడాదిగా ఇంగ్లీషు వాళ్ళు కట్టిన లోకాల్లో ఆడి ఆడి విసుగొచ్చింది. ఈసారి లోకం మనమే కడదాం, తెలుగులోనే కడదాం అనుకున్నాం. దాని పేరు ముయ్యేరు. మూడు ఏర్లు, ఎర్రమట్టి, రాతి గుట్టలు, ఐదు కోటలు.

ఆ లోకంలో ప్రేమకూ యుద్ధానికీ కలిపి ఒకే దేవత ఉంది. పేరు రణమోహినీదేవి. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో మల్లెదండ. పెళ్ళికి ముందు మొక్కుతారు, దండు కదిలే ముందూ మొక్కుతారు. నేను రాసుకున్నది ఇంతే. మొన్న ఆదివారం మా గుంపులో అందరికంటే చిన్నది, డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి, ఒకటే ప్రశ్న వేసింది. "అన్నా, ఈమెకు ఏం కావాలి?"

నా దగ్గర జవాబు లేదు. వారం నుంచి అదే ఆలోచన. కత్తి పట్టిన చెయ్యి ఒకరిదిలాగా, పూలు పట్టిన చెయ్యి ఇంకొకరిదిలాగా ఉంది. రెండూ ఒక మనిషివి కావడం లేదు. తెలిసినవాళ్ళు సాయం చేయండి.

---

వేగుచుక్క (అనంతపురం) · శుక్రవారం రాత్రి 10:25

ఈ జోడీ మీరు కొత్తగా పెట్టింది కాదు బ్రో, మనుషులు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఉంది. ఇప్పటి ఇరాక్‌లో ఉరుక్ అనే పాత నగరం ఉండేది. అక్కడి దేవత ఇనాన్నా. తర్వాతి కాలంలో ఇష్తార్ అన్నారు. ప్రేమా ఆమెదే, యుద్ధమూ ఆమెదే. గుర్తు ఎనిమిది కోణాల చుక్క, వాహనం సింహం. యుద్ధాన్ని "ఇష్తార్ ఆట" అనేవాళ్ళు. పేరు తెలిసిన మొట్టమొదటి కవి ఎన్‌హెదువాన్నా, సర్గోన్ చక్రవర్తి కూతురు, నాలుగు వేల ఏళ్ళకు పైబడిన మనిషి. ఆమె గొప్ప పాటలు ఇనాన్నా మీదే. తిరుగుబాటులో తనను గుడి నుంచి తరిమేస్తే, నన్ను కాపాడమని ఈ దేవతనే అడిగింది.

మీకు పనికొచ్చేది ఇంకోటుంది. ఇనాన్నా ఒకసారి పాతాళానికి దిగుతుంది. అక్కడి రాణి ఆమె సొంత అక్క. ఏడు వాకిళ్ళు దాటాలి, ఒక్కో వాకిట్లో ఒక్కో నగ తీసేయాలి. చివరికి ఒంటి మీద ఏమీ మిగలదు. అక్క ఆమె మీద చావు చూపు నిలుపుతుంది, అంతే, పీనుగై కొక్కేనికి వేలాడుతుంది. మూడు రోజుల తర్వాత బతికి పైకి వస్తుంది. కానీ తన బదులు ఒకరిని కిందికి పంపాలి. ఊరూరా తిరుగుతుంది. తన కోసం ఏడుస్తూ మట్టిలో పడి ఉన్నవాళ్ళను వదిలేస్తుంది. ఇంటికొస్తే మొగుడు దుముజి మంచి బట్టలు కట్టుకుని సింహాసనం మీద కూర్చుని ఉంటాడు. అప్పుడు ఆమె అతని వైపు చూస్తుంది. అక్క తన మీద నిలిపిన అదే చావు చూపు.

నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలేది అక్కడే. అతన్ని ప్రేమించకపోయి ఉంటే ఆ చూపు పుట్టేదే కాదు.

---

పత్తికొండ_పిల్లోడు · శుక్రవారం రాత్రి 10:41

నార్వే వైపు ఫ్రేయా కూడా ఉంది కదా. యుద్ధంలో చచ్చినవాళ్ళలో సగం మంది ఆమెకు, సగం మంది అక్కడి దేవుళ్ళ పెద్ద ఓడిన్‌కు. పిల్లులు లాగే రథం. మొగుడు దూరం పోతే ఎర్ర బంగారం కన్నీళ్ళుగా కారుస్తుంది. మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి వాన పడగానే జనం వజ్రాలు వెతుకుతారు చూడండి, మీ లోకంలో వానకు బయటపడే ఎర్రరాళ్ళు ఆమె కన్నీళ్ళు అని పెట్టండి అన్నా. చాలా బాగుంటుంది.

---

పద్యాల_బడి (నంద్యాల) · శనివారం ఉదయం 6:15

బాబూ, నేను ముప్పై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. నీ ఆట నాకు తెలియదు గానీ నీ ప్రశ్న తెలుసు. దానికి జవాబు ఇంట్లోనే ఉంది.

పోతన భాగవతం, దశమ స్కంధం. సత్యభామ నరకాసురుడి మీద విల్లు ఎత్తింది. పక్కనే కృష్ణుడు. పోతన ఆ క్షణాన్ని ఒక మత్తేభంలో పట్టుకున్నాడు. "పరుఁ జూచున్ వరుఁ జూచు నొంప నలరింపన్" అని ఎత్తుకున్నాడు. పరుడు అంటే శత్రువు. వరుడు అంటే మొగుడు. వాణ్ణి చూస్తుంది, వీణ్ణి చూస్తుంది. వాణ్ణి నొప్పించడానికి, వీణ్ణి మురిపించడానికి. కనుబొమల్లో ముడి, పెదవి మీద చిరునవ్వు. అటు బాణాలు, ఇటు చూపులు. కళ్ళలో కెంపూ సొంపూ రెండూ కలిసి పారుతున్నాయంటాడు.

పరుడు, వరుడు. ఒక్క అక్షరం తేడా. ఆమె తల తిప్పినంత సేపట్లో యుద్ధం శృంగారమవుతోంది, శృంగారం యుద్ధమవుతోంది. మనిషి మారలేదు, మొహం మారలేదు. నువ్వు ఆమెకు రెండు చేతులు ఇచ్చి ఒకదాంట్లో కత్తి, ఒకదాంట్లో పూలు పెట్టావు. పోతన చేతుల జోలికి పోలేదు, కళ్ళు పట్టుకున్నాడు.

ఇంకొక్క మాట. ఆ యుద్ధం అయ్యాక భూదేవి వస్తుంది. చచ్చిన నరకుడు ఆమె కొడుకు. కృష్ణుడికి దండం పెట్టి, మనవడు భగదత్తుణ్ణి కాపాడమని అడుగుతుంది. మనం దీపావళికి టపాసులు కాల్చేటప్పుడు ఆ తల్లి మనకు గుర్తుండదు. నీ లోకంలో మాత్రం ఆమెను మరవకు.

పేరు సంగతి కూడా చెప్తాను. రణమోహినీదేవి అంటే సమాసం బాగుంది, అమ్మ మాత్రం కనబడలేదు. మన సీమలో అమ్మలు సుంకులమ్మ, మారెమ్మ, చౌడమ్మ, పెద్దమ్మ. నోరారా పిలిచే పేరు పెట్టు.

---

హంద్రీ_గట్టు · శనివారం ఉదయం 8:02

సార్, మీ పోస్టు మూడు సార్లు చదివాను. ఇంటర్‌లో పోతన పద్యాలు మార్కుల కోసం బట్టీ పట్టాను, ఇలా ఎవరూ చెప్పలేదు. పేరు మీరు చెప్పిన పద్యంలోంచే తీసుకుంటాను. కెంపమ్మ. కోపమొస్తే కళ్ళలో కెంపు, సిగ్గుపడితే బుగ్గల్లో కెంపు, వానకు బయటపడే రాయీ కెంపే. పత్తికొండ తమ్ముడి ఆలోచన కూడా ఇందులో ఒదిగింది.

---

ఆలూరు_జాతర · శనివారం మధ్యాహ్నం 1:30

అన్నా, మాది ఆలూరు పక్కన. మీరు ఇరాక్ దాకా పోయారు గానీ ఇంటి ముందరున్న దేవరగట్టు ఎవరూ తలచుకోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తా. హొళగుంద మండలంలో గుట్ట మీద మాళమ్మ, మల్లేశ్వరస్వామి గుడి. దసరా రాత్రి జాతర, బన్ని ఉత్సవం అంటారు. టీవీల్లో కర్రల సమరం అని తలలు పగిలిన బొమ్మలే చూపిస్తారు. ముందు జరిగేది వాళ్ళకు అక్కర్లేదు. ముందు జరిగేది పెళ్ళి. అర్ధరాత్రి మాళమ్మకూ స్వామికీ కల్యాణం చేస్తారు. తాళి కట్టాక, ఆ కొత్త జంటను పల్లకీలో గుట్ట దింపుతారు. అప్పుడే విగ్రహాల కోసం కర్రలు లేస్తాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒక వైపు నిలబడి కాపాడతారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇంకో వైపు. దివిటీల వెలుగు, పొగ, డప్పులు. అంటే ఆ రాత్రి కొట్లాట పెళ్ళిలో ఒక భాగం.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా మామ వెంట పోయాను. ఒకాయన నుదురు చీరుకుపోయి రక్తం కళ్ళలోకి కారుతోంది. ఆయన గుడి పసుపు గుప్పెడు తీసి దెబ్బ మీద అద్దుకున్నాడు. పసుపూ రక్తమూ కలిసి కుంకుమ రంగులోకి తిరిగింది. ఎవరికి పెడతారు ఆ రంగు? పెళ్ళికూతురికి. అది ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

ముఖ్యమైన ముక్క ఇంకోటుంది. జాతరకు ముందు ఆ మూడూళ్ళ వాళ్ళు పాలు ముట్టుకుని ప్రమాణం చేస్తారు. పాలబాస అంటారు. మనసులో పగ పెట్టుకుని కర్ర ఎత్తమని బాస. నిష్ఠగా ఉంటారు, మాంసం ముట్టరు, కాళ్ళకు చెప్పులు వేసుకోరు. దెబ్బలు తగలడం మంచిదని నేను అనడం లేదు. ఏటా మనుషులు ఆస్పత్రిపాలవుతారు, వద్దని పోలీసులు ఊరూరా తిరిగి చెప్తారు, ఆ చెప్పడమూ న్యాయమే. కానీ మీ దేవతకు ఒక నియమం కావాలంటే పాలబాస తీసుకోండి.

---

పత్తికొండ_పిల్లోడు · శనివారం మధ్యాహ్నం 2:05

పెళ్ళి ముందు, కర్రలు తర్వాత అని నాకు కూడా తెలియదు అన్నా. మా ఇంటికి గంటన్నర దూరం. సిగ్గనిపించింది.

---

హంద్రీ_గట్టు · శనివారం రాత్రి 9:15

కెంపమ్మ కథ రాశాను, చూడండి.

కెంపమ్మ మొదట మనిషి. ఐదు కోటల్లో ఒకదాని దొరసాని. పెళ్ళయిన రాత్రి శత్రువులు కోటవాకిట్లో ఆమె మొగుణ్ణి నరికారు. ఆమె పెళ్ళిచీరతోనే గుర్రమెక్కి ఐదు కోటలూ కాల్చింది. ఆ మంట ఆకాశానికెక్కి చుక్కయింది. ఇప్పుడు ముయ్యేరులో ఎవరికైనా తనవాళ్ళు చచ్చిపోతే కెంపమ్మకు మొక్కి కత్తి పడతారు. పగ తీర్చుకున్నవాడికి ఆటలో పాచికకు రెండు పాయింట్లు కలుస్తాయి. నదిలో ఆయుధం కడిగితే నీళ్ళు ఎర్రబారి, ఆ రాత్రి ఆమె కలలో కనబడుతుంది.

---

మబ్బు_మిట్ట (కడప జిల్లా) · శనివారం రాత్రి 11:50

నేను ఇక్కడ ఎప్పుడూ రాయలేదు, చదువుతుంటాను. ఈ కథ చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

మా అమ్మ పుట్టిన ఊరిలో ఫ్యాక్షన్ ఉండేది. ఊరి పేరు చెప్పను. మా అమ్మ పెళ్ళికి శుభలేఖలు వేయలేదు. ముహూర్తం బంధువుల్లో కూడా అందరికీ చెప్పలేదు. సొంతూళ్ళో మండపం కట్టే ధైర్యం లేక పక్క టౌనులో ఒక సత్రంలో, తెల్లవారుజామున నాలుగు గంటలకు తాళి కట్టించారు. మేళం పెట్టలేదు. చప్పుడైతే అందరికీ తెలిసిపోతుందని.

ఆ పెళ్ళిది ఒక్క ఫొటో ఉంది మా ఇంట్లో, నలుపు తెలుపు. అందులో అందరూ కెమెరా వైపు చూస్తున్నారు. మా అవ్వ ఒక్కతే పక్కకు చూస్తోంది. చేతిలో తలంబ్రాల పళ్ళెం, బొటనవేలు బియ్యంలో కూరుకుపోయి ఉంది, అంత గట్టిగా పట్టుకుంది. చిన్నప్పుడు అడిగాను, అవ్వా నువ్వు ఎటు చూస్తున్నావ్ అని. వాకిలి వైపు అంది.

కూతురి మెడలో తాళి పడుతుంటే ఆమె చూడలేదు. చూడాలని ఎంత ఉండి ఉంటుందో నాకు పెళ్ళయ్యాక తెలిసింది.

మీ కెంపమ్మ పగ తీర్చుకుంటే పాయింట్లు ఇస్తుందని రాశారు. పగ తీర్చుకున్నవాళ్ళకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు అన్నా. మా తాతకు ఇవ్వలేదు, మా తాతను చంపినవాళ్ళకూ ఇవ్వలేదు. రెండిళ్ళలోనూ ముసలివాళ్ళు వాకిలి వైపు చూస్తూ బతికారు. ప్రేమా యుద్ధమూ ఒకే మనిషిలో ఎట్లా ఉంటాయని అడిగారు కదా. ఆ ఫొటోలో ఉన్నాయి.

---

పత్తికొండ_పిల్లోడు · ఆదివారం ఉదయం 7:20

అక్కా, మీ మాట తీసేయడం లేదు. కానీ యుద్ధదేవత యుద్ధం చేయకపోతే ఆటలో ఏం మిగులుతుంది? ఆమె భయపెట్టాలి కదా.

---

మబ్బు_మిట్ట · ఆదివారం ఉదయం 7:48

మా అవ్వ ఒడిలో, తలంబ్రాల పళ్ళెం కింద, కొడవలి ఉంది తమ్ముడూ. ఫొటోలో కనబడదు. ఆమే చెప్పింది. ఆ వాకిట్లోకి ఎవరైనా వచ్చి ఉంటే ఆమె కంటే భయపెట్టేవాళ్ళు ఆ సత్రంలో ఇంకెవరూ ఉండరు.

---

పద్యాల_బడి · ఆదివారం ఉదయం 8:30

అమ్మా, పోతన పద్యాన్ని ముప్పై ఏళ్ళు చెప్పాను. సత్యభామ అటూ ఇటూ చూడగలిగింది, ఎందుకంటే వరుడు పక్కనే ఉన్నాడు, భయం లేదు. మీ అవ్వకు ఒక వైపే చూసే వీలుంది. ఏ వైపు చూడాలో ఆమె ఎంచుకుంది. ఇకమీద ఆ పద్యం ఎవరికి చెప్పినా మీ అవ్వను తలచుకోకుండా చెప్పలేను.

---

వేగుచుక్క · ఆదివారం ఉదయం 9:05

హంద్రీ బ్రో, ఆకాశం సంగతి కూడా చూసుకో. ఇనాన్నా చుక్క మన శుక్రుడే. సాయంత్రం పడమట కొన్ని నెలలు వెలుగుతాడు, తర్వాత రోజురోజుకూ కిందికి దిగి ఎనిమిది రోజులు అటూఇటుగా కనబడకుండా పోతాడు. మళ్ళీ తూర్పున వేగుచుక్కై పొడుస్తాడు. అక్కడ కొన్ని నెలలు వెలిగి ఈసారి దాదాపు యాభై రోజులు మాయం. చుట్టు మొత్తం తిరగడానికి 584 రోజులు. సాయంత్రపు చుక్క ప్రేమకు, వేగుచుక్క యుద్ధానికి అని అక్కడివాళ్ళు లెక్క పెట్టిన రోజులున్నాయి.

మన దగ్గర శుక్రుడు మగవాడు, రాక్షసుల గురువు. యుద్ధంలో చచ్చినవాళ్ళను మృతసంజీవనితో లేపుతాడు. జాతకంలో పెళ్ళికి చూసేదీ శుక్రుణ్ణే. ఆలోచిస్తే ఇక్కడా ప్రేమా యుద్ధమూ ఒకరి దగ్గరే ఉన్నాయి.

---

ఆలూరు_జాతర · ఆదివారం ఉదయం 9:12

శుక్రుడు కనబడని రోజులంటే మూఢం కదా! మా అక్కకు సంబంధం కుదిరాక శుక్ర మూఢం వచ్చిందని రెండు నెలలు ముహూర్తం పెట్టలేదు.

---

వేగుచుక్క · ఆదివారం ఉదయం 9:14

అదే. సూర్యుడికి దగ్గరై కనబడకపోతే మూఢం, పెళ్ళిళ్ళు ఆగిపోతాయి. మనింటి క్యాలెండర్‌లో ఇప్పటికీ ఉంది.

---

హంద్రీ_గట్టు · ఆదివారం మధ్యాహ్నం 12:30

అక్కా, నా కథ తీసేశాను. రెండు పాయింట్ల నియమం కొట్టేశాను. మిమ్మల్ని నొప్పించి ఉంటే క్షమించండి.

మీరు ఒప్పుకుంటే కొత్తది ఇది. ముయ్యేరులో ఎక్కడ పెళ్ళి జరిగినా వాకిలి పక్కన ఒక పీట వేస్తారు. అది కెంపమ్మ పీట. ఆ ఇంట్లో పెద్ద ఆడమనిషి తాళి కట్టే వేళకు దాని మీద కూర్చుని బయటికి చూస్తుంది, చేతిలో తలంబ్రాలు, ఒడిలో కొడవలి. ఆ కాసేపు ఆమే కెంపమ్మ. ఆమె దాటనివ్వకుండా ఎవరూ లోపలికి రాలేరు, దండయినా సరే. ఆ ఒక్క వాకిట్లో ఆమె పాచికకు ఓటమి లేదు. వాకిలి దాటి బయటికి వచ్చి ఎవరినైనా తరిమితే మాత్రం ఆ బలం పోతుంది, ఆమె మామూలు మనిషే. శత్రువు పాలచెంబుతో వచ్చి బాస చేస్తే వినాలి. చుక్క కనబడని మూఢం రోజుల్లో కెంపమ్మ పాతాళంలో ఉంటుంది, కాపలా లేదు కాబట్టి పెళ్ళిళ్ళూ లేవు, దండు కదలడమూ లేదు.

గుళ్ళో విగ్రహం భక్తుల వైపు చూడదు, పక్కకు చూస్తుంది. బొమ్మ ఎట్లా చేయాలో తెలియడం లేదు. ఈ రోజు సాయంత్రమే ఆట.

---

బొమ్మలాట (ధర్మవరం) · ఆదివారం మధ్యాహ్నం 1:10

మా మండలంలో నిమ్మలకుంట ఉంది, తోలుబొమ్మల ఊరు. అక్కడ బొమ్మ చేసే పద్ధతి చూడండి. మేకతోలును వెలుగు దూరేంత పలచగా చేసి రంగులు అద్దుతారు, వెనక దీపం పెడతారు. వెలుగు తోలులోంచి వస్తుంది కాబట్టి బొమ్మను తిప్పి పట్టుకుంటే అదే మొహం అటు చూస్తుంది. ఒకే బొమ్మ కుడికీ చూడగలదు, ఎడమకీ చూడగలదు. మీకు తోలు అక్కర్లేదు. ట్రేసింగ్ పేపర్ మీద పక్కమొహం గీసి రెండు వైపులా రంగు వేయండి, వెనక సెల్‌ఫోన్ టార్చ్ పెట్టండి. కన్ను పెద్దదిగా గీయండి. తోలుబొమ్మకు కన్నే ప్రాణం.

---

మబ్బు_మిట్ట · ఆదివారం మధ్యాహ్నం 3:40

పీట సంగతి మా అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. పీట మీద ఎర్రగుడ్డ పరచమని చెప్పు అంది.

---

హంద్రీ_గట్టు · ఆదివారం రాత్రి 10:55

ఇప్పుడే ముగించి ఇంటికొచ్చాను. ఏం జరిగిందో చెప్తాను.

మూడో కోటలో పెళ్ళి. మొన్న ప్రశ్న అడిగిన అమ్మాయి పెళ్ళికూతురి అవ్వ పాత్ర తీసుకుంది. ట్రేసింగ్ పేపర్ బొమ్మ ఆమె చేతిలో, వెనక టార్చ్, మిద్దె మీద లైటు ఆపేశాం. బొమ్మ నీడ పిట్టగోడ మీద పడింది, కన్ను వాకిలి వైపు. పాత పగ ఉన్న కోటవాళ్ళు వస్తారని నేను ముందే రాసుకున్నాను. వాళ్ళ తరఫున ఆడుతున్నవాడు కత్తితో వస్తాడనుకున్నాను. వాడు పాలచెంబుతో వచ్చాడు. వాకిటి బయటే నిలబడి, మా అన్నను మీరు చంపారు, మీ అల్లుణ్ణి మేము చంపం, పెళ్ళి కానివ్వండి అన్నాడు.

ఆ అమ్మాయి చాలాసేపు బొమ్మను కదిలించలేదు. నమ్మాలా వద్దా అని పాచిక వేయొచ్చు, పాచిక ముట్టుకోలేదు. తర్వాత మెల్లగా బొమ్మను తిప్పింది. కన్ను ఇంట్లోకి చూసింది, పెళ్ళి వైపు. "తాళి కట్టమనండి, నేను చూడాలి" అంది.

కెంపమ్మకు ఏం కావాలని ఆమె నన్ను మళ్ళీ అడగలేదు.

---

మబ్బు_మిట్ట · ఆదివారం రాత్రి 11:20

మిద్దె ఎక్కడో ప్రైవేట్ మెసేజ్‌లో పంపండి అన్నా. వచ్చే ఆదివారం అమ్మను తీసుకొని వస్తా. మెట్లు ఎక్కువున్నాయా? ఆమెకు మోకాళ్ళ నొప్పులు.

---

హంద్రీ_గట్టు · ఆదివారం రాత్రి 11:22

పద్దెనిమిది మెట్లు అక్కా. ఎక్కలేకపోతే ఆట కిందికి దింపుతాం. వరండాలో ఆడుకుందాం. పీట మీద ఎర్రగుడ్డ పరిచే ఉంచుతాను.